డాక్టర్ సాబు పెరటి దర్వాజ

కోరుట్లలో మార్కండేయులు డాక్టర్ సాబు దవాఖాన పొద్దున తొమ్మిదికి తెరిచి మధ్యాహ్నం ఒంటిగంటకు మూస్తారు. ఒంటిగంట దాటాక షట్టరు ముందు నిలబడి ఎంత మూలిగినా కాంపౌండర్ పోశం తీయడు. "సాబు మనిషి కాదా? అన్నం తినడా?" అని మనల్నే ఎదురు అడుగుతాడు.

అయితే దవాఖాన వెనక సందులో ఒక పెరటి దర్వాజ ఉంది. దాని సంగతి ఊళ్లో ఒక్క నాకే తెలుసు.

నాలుగేళ్ల కిందట, మా ఆయన పోయిన మూడో నెలలో, ఒకరోజు సాయంత్రం ఆరు గంటలకు నా గుండె దడదడ కొట్టుకుంది. చెమటలు పట్టాయి. షట్టరు మూసి ఉంటుందని తెలిసి కూడా నడుచుకుంటూ వెళ్లాను. వెనక సందులో గోడ పట్టుకుని నిలబడితే, పెరట్లో చెట్లకు నీళ్లు పోస్తున్న సాబు నన్ను చూసి లోపలికి పిలిచారు. బీపీ చూశారు. గుండె చూశారు. మంచినీళ్లు ఇచ్చారు.

"ఏం కాలే బూదవ్వా. గుండె గడియారమోలె కొట్టుకుంటున్నది" అన్నారు. నేను లేచేటప్పుడు గొంతు తగ్గించి, "మల్ల ఎప్పుడన్న గిట్ల అనిపిస్తె మూడుసార్లు కొట్టు, తీస్త. ఎవ్వలకు చెప్పకు" అన్నారు.

నేను ఎవరికీ చెప్పలేదు. వారానికి రెండుసార్లు మాత్రం కొట్టాను. చేతిలో ఒక సొరకాయో, నాలుగు జొన్నరొట్టెలో పట్టుకుని వెళ్లేదాన్ని. సాబు ప్రతిసారీ ఏం కాలేదనే చెప్పారు. ఆ ఒక్క మాటతో నాకు మూడు రోజులు గడిచేవి.

ఈ నెల మొదటి సోమవారం పోశం చంకలో కాయితాల కట్టతో మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, నీతోని పని వడ్డది. సంగీతమ్మ గివి ఇచ్చింది. సదువు రానోళ్లవి నువ్వు నింపాలె."

సంగీత సాబు ఒక్కగానొక్క కూతురు. ఆమె కూడా డాక్టరే, జగిత్యాలలో ఒక దవాఖానలో చేస్తుంది. ఇక నా సంగతి అంటే, నేను బడి మొహం చూసినదాన్ని కాదు. బీడీలు చుట్టే రోజుల్లో పాత పేపర్ల మీదా, బస్సుల బోర్డుల మీదా అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇప్పుడు మా గల్లీలో ఎవరికి ఏ కాయితం వచ్చినా మా అరుగు మీదికే వస్తుంది.

ఆ కాయితంలో రెండే ప్రశ్నలున్నాయి. దవాఖాన సమయం కాని సమయంలో మీకు డాక్టర్ అవసరం పడుతున్నదా? పడితే ఏ సమయం మీకు అనుకూలం?

మొదట మల్లక్క ఇంటికి వెళ్లాను. ఆమె ఇప్పటికీ బీడీలు చుడుతుంది. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది.

"అవసరం లేదని రాయి వదినె."

"ఎన్నడు సుత పడలేదా?"

"పడితె మాత్రం సాబు ఎట్ల సూస్తడే? ఒంటిగంటకు బంద్ గదా!" అంది, చాటలోంచి తలెత్తకుండా.

తర్వాత జలపతి. పన్నెండేళ్లు మస్కట్‌లో ఉండి వచ్చి ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. చదువు వచ్చినవాడే. "నాది సుత నువ్వే రాయి పెద్దమ్మా, అద్దాలు ఆటోల ఉన్నయ్. లేదని రాయి. గట్టిగ రాయి" అన్నాడు. జగిత్యాలలో బట్టల షాపులో పనిచేసే అనూష డిగ్రీ చదివిన పిల్ల కనుక తన కాయితం తానే నింపి మడత పెట్టి ఇచ్చింది. మడత విప్పి చూడటం తప్పే. చూశాను. లేదు అనే ఉంది.

చివరికి నా కాయితం మిగిలింది. ఔను అని రాస్తే, మరి ఇన్నాళ్లు ఏం చేశావని అడుగుతారు. దర్వాజ సంగతి బయటపడుతుంది. ఊరంతా ఆ సందులోకి వస్తుంది. అప్పుడు సాబుకు నా మాట వినే తీరిక ఎక్కడిది? లేదు అని రాసి, సరిగ్గా కనబడాలని దాన్ని మళ్లీ దిద్దాను.

గురువారం పోశం మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో ఏమీ లేదు. చాయ్ ఇస్తే చల్లారేదాకా తాగలేదు.

"మల్లచ్చే నెలకెల్లి నాకు నౌకరి లేదక్కా."

"ఏమైందిరా?"

"దవాఖాన బంద్. సాబు జగిత్యాలకు పోతుండు, బిడ్డ కాడికి."

నా చేతిలోని గ్లాసు కింద పెట్టాను. పోశం మెల్లగా అంతా చెప్పాడు. పోయిన నెల సాబు కళ్లు తిరిగి పడ్డారు. షుగర్ మనిషి, రాత్రి అన్నం వేళకు తినడం లేదని తేలింది. ఎందుకు తినడం లేదో ఎంత అడిగినా చెప్పలేదట. అప్పుడు సంగీత ఒక మాట అంది. నాలుగు గంటల దవాఖాన కోసం ఒక్కడివే ఇక్కడ ఎందుకు, మిగతా పొద్దంతా నీకేం పని, నాతో రా అని. జనానికి నిజంగా అవసరం ఉంటే సాయంత్రాలు తానే కోరుట్ల వచ్చి కూర్చుంటుంది, సాబు పొద్దున చూసుకోవచ్చు. అవసరం లేకపోతే ఇల్లు ఖాళీ చేయాలి.

"గా ముచ్చట తెలుసుకునేతందుకే గా కాయితాలు" అన్నాడు పోశం. "నలభై మూడు నింపిచ్చిండ్రు. నలభై మూడు లేదు అనే. ఐతారం నాడు సంగీతమ్మ అచ్చి సామాన్ సర్దుతదట."

"ముందుగాల గీ ముచ్చట ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పొద్దన్నది. చెప్తె సాబు మీది ప్రేమతోని అందరు అబద్ధం రాస్తరన్నది. ఇప్పుడు చూడు, అందరు నిజమే రాసిండ్రు" అని పోశం నిట్టూర్చాడు. వాడికి ఏమీ తెలియదు పాపం. ఒంటిగంటకే షట్టరు దించి ఇంటికి పోయే మనిషి.

ఎవరైనా ప్రయాణమై పోతుంటే నేను చూడలేను. వంటింట్లోకి పోయి తోమిన గిన్నెలే మళ్లీ తోముతాను. మా స్వప్న సిరిసిల్లకు కాపురానికి పోయినప్పుడూ అంతే, జలపతి మస్కట్ పోయినప్పుడూ అంతే. ఒక్క మా ఆయన పోయినప్పుడే ఆ వీలు దొరకలేదు. ఇప్పుడు సాబు పోతారంటే గిన్నెలు కాదు, ఇల్లంతా కడిగినా సరిపోయేలా లేదు.

సాయంత్రం స్వప్నకు ఫోన్ చేశాను.

"మా గల్లీ డాక్టర్ తొమ్మిదిదాక కూసుంటడు అవ్వా. బట్టలు నేసే సాంచల మీద పనిజేసెటోళ్లు షిఫ్టు దిగినంకనే గదా పోయేది. నువ్వు సిరిసిల్లకే రారాదు?"

"నా ముచ్చట కాదే ఇప్పుడు."

"మరింక ఎవ్వలది? తప్పు రాసిన అని సంగీతమ్మకు చెప్పు. ఒడిసిపోతది."

"నలుగుట్ల పరువు పోదా?"

"డాక్టర్ పోతె నీకు మంచిగుంటదా?" అని ఫోన్ పెట్టేసింది. నా కూతురే, కానీ మాట మాత్రం వాళ్ల నాయనది.

నా ఒక్కదాని కాయితం మారితే ఏమవుతుంది, నలభై మూడింట్లో ఒకటి. ఇంకో పది మందైనా అవసరం ఉందని చెప్పాలి. శుక్రవారం మళ్లీ మల్లక్క దగ్గరికే వెళ్లాను. గూట్లో మందుల గోలీలు కనిపించాయి.

"గవి సాబు రాసిన గోలీలే గదా?"

"ఆఁ."

"నువ్వు దవాఖాన దిక్కు రాక ఏడాదాయె గదనే. పొద్దుగాలంత కార్ఖానల బీడీలు అప్పజెప్పవడితివి. మరి గోలీలు ఎట్లచ్చినయ్?"

"పోశం తెచ్చిండు."

"పోశాన్ని అడుగుత."

"అడుగు. నాకేం భయ్యం." కత్తెర మాత్రం ఆగిపోయింది. "అయినా నువ్వేందే, పోలీసోలె అడుగుతున్నవ్? ఎనుకకెల్లి పోవుడు నాకేం కర్మ?"

"ఎనుకకెల్లి అని నేనెక్కడన్న?"

మల్లక్క కత్తెర కింద పెట్టింది. తర్వాత నా వైపు వేలు చూపించింది.

"అంటె ఎనుక దర్వాజ ఉన్నదని నీకు సుత ఎర్కేనా?"

"నేను దర్వాజ అనలేదు."

"నేను సుత అనలేదు" అని చాట జరుపుకుని అటు తిరిగి కూర్చుంది.

బయటికి వచ్చాక నాకు సంతోషం కలగాలి కదా, తోడు దొరికిందని. కలగలేదు. కోపం వచ్చింది. నాకు ఒక్కదానికే చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పిన మాట, ఈ మల్లక్కకు కూడా చెప్పారా సాబు?

జలపతి ఆటో స్టాండులో ఉన్నాడు. నేను మాట తిప్పకుండా అడిగాను.

"నీ ఆటో దవాఖాన ఎనుక సందుల మస్తుసార్లు చూసిన. ఆడ నీకేం పని?"

"ఆడ నీడ ఉంటది పెద్దమ్మా. ఎండకు సీట్లు కరాబ్ అయితున్నయ్."

"పొద్దూకినంక ఎండేంది నాయినా?"

జలపతి హారన్ మోగించాడు. ఎదురుగా ఎవరూ లేరు. "గిరాకి అచ్చింది" అంటూ ఖాళీ ఆటో తీసుకుని పోయాడు.

అనూషను బస్సు దిగగానే పట్టుకున్నాను. తలనొప్పితో సగం నెల కళ్లు మూసుకుని తిరిగే పిల్ల. "నాకేం రోగం లేదు అవ్వా, లేట్ అయితున్నది" అని, ఇంటికి పోయే దారి వదిలేసి దవాఖాన సందు వైపు గబగబా నడిచింది. పది అడుగులు వేశాక నేను చూస్తున్నానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

ఇక ఎవరినీ అడిగి లాభం లేదనుకున్నాను. శనివారం సాయంత్రం ఆరు కాకముందే బయలుదేరాను. సాబుతోనే చెబుతాను, తెల్లారి కూతురు వస్తే మీరే చెప్పుకోండని. కాయితం మీద అబద్ధం రాశానని ఒప్పుకోవాలి. అది మింగుడుపడటం లేదు. ఇంకొకటి అంతకంటే కష్టంగా ఉంది, అది ఎవరికీ చెప్పకుండా ఉండగలిగితే బాగుండని దారి పొడవునా అనుకున్నాను.

సందులో జలపతి ఆటో ఉంది. జలపతి టైరు పక్కన కూర్చుని దాన్ని వేలితో పొడుస్తున్నాడు.

"పంచర్" అన్నాడు నేను అడగకముందే.

రెండడుగులు వేస్తే మల్లక్క. కొంగు బిగించి, గోడ వారగా వంగి చూస్తోంది.

"కోడి తప్పిపోయింది వదినె."

"నీకు కోళ్లెక్కడియే?"

"గందుకే గదా దొర్కుత లేదు."

ఆటో వెనకనుంచి అనూష వచ్చింది. మమ్మల్ని చూసి ఫోన్ చెవికి పెట్టుకుంది. ఫోన్ తలకిందులుగా ఉంది.

నలుగురం నిలబడ్డాం. దర్వాజ ఎదురుగానే ఉంది, ఎవరూ దాని వైపు చూడటం లేదు. సాబు రేపో ఎల్లుండో పోతారని పోశం అందరికీ చెప్పి ఉంటాడు. ఆఖరిసారి కలుద్దామని వచ్చారని వాళ్ల మొహాలు చూస్తేనే తెలుస్తోంది. నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది.

నేనే ముందుకు వెళ్లి మూడుసార్లు కొట్టాను. వెనకనుంచి మల్లక్క, "అరే, నాకు సుత మూడుసార్లనే చెప్పిండు" అంది. "నాకు సుత" అన్నాడు జలపతి. అనూష ఫోన్ దించేసింది.

దర్వాజ తెరుచుకుంది. సాబు కాదు, సంగీత. ఆదివారం రావాల్సిన మనిషి ఒకరోజు ముందే వచ్చింది. చేతిలో అట్టపెట్టెలు కట్టే తాడు ఉంది.

"ఏంది పెద్దమ్మా? దవాఖాన ముందట ఉన్నది, గిటెందుకు అచ్చిన్రు?"

మల్లక్క నా వెనక్కి జరిగింది. మా ఆయన పోయాక ఆయన సామాను కట్టిపెట్టిన తాడు కూడా అలాంటిదే, పచ్చరంగుది. దాన్ని చూశాక నాకు పరువు గుర్తుకు రాలేదు.

"కాయితం మీద నేను అబద్ధం రాసిన బిడ్డా. ఔను అని రాయాల్సింది. నాలుగేండ్ల సంది గీ దర్వాజ కొడుతున్న."

సంగీత నన్ను చూసింది, తర్వాత నా వెనకనున్న ముగ్గురిని.

"మీరు?"

"పంచర్…" అని మొదలుపెట్టి జలపతి ఆగిపోయాడు. "నేను సుత మేడం. పొద్దుగాల బడి పిల్లల ట్రిప్పులు. ఒంటిగంట లోపట నాకు ఒక్క నిమిషం దొర్కది. షుగర్ చూపెట్టుకోవాలంటె గిదే దారి."

"నేను పొద్దుగాల కార్ఖానల ఉంట" అంది మల్లక్క. "బీడీలు తీసుకపోకుంటె మల్లదినం ఆకు ఇయ్యరు. మోకాళ్లు ఎన్నడు చూపెట్టుకోవాలె చెప్పు."

"ఎనిమిదింటి బస్సుకు పోత, ఆరింటికి దిగుత" అంది అనూష మెల్లగా. "ఐతారం దవాఖాన ఉండది."

సంగీత లోపలికి తిరిగి, "నాన్నా!" అని గట్టిగా పిలిచింది.

సాబు బనీను మీద, చేతిలో అన్నం కంచంతో వచ్చారు. మమ్మల్ని చూసి, కూతుర్ని చూసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలారు.

"అన్నం ఎందుకు వేళకు తింటలేవో ఇప్పుడు సమజైంది. రోజు ఎంతమంది అస్తరు?"

"ఎంతమంది ఏందమ్మా? ఒకలో ఇద్దరో."

"పదిమంది తక్కువ ఉండరు" అన్నాడు జలపతి. "నేను మలుపు కాడ ఆగి, లోపలున్నోళ్లు పోయినంక అస్త." మల్లక్క వాడి వీపు మీద ఒక్కటి చరిచింది.

"మూడుసార్లు కొట్టుమని అందరికి చెప్పినవా నాన్నా?"

"రెండుసార్లు పాలాయన కొడుతడు గదా" అన్నారు సాబు.

సంగీత నవ్వు ఆపుకోలేకపోయింది. కానీ వెంటనే మొహం గట్టి చేసుకుని గడప మీద కూర్చుంది. తెల్లకాయితం తెమ్మని అనూషను లోపలికి పంపింది. ఇప్పుడు నిజం చెప్పండి, ఎవరికి ఏ సమయం కావాలో నేనే రాసుకుంటాను అంది. అవసరం లేదన్న మనుషులే ఒకరి మీద ఒకరు పడ్డారు. మల్లక్క పొద్దుగుంకాక అంది, జలపతి ఇరవై నాలుగు గంటలు రాయమన్నాడు. చెబుతుండగానే సందులోకి ఇంకో ఇద్దరు వచ్చి, మమ్మల్ని చూసి వెనుదిరగబోయి దొరికిపోయారు.

నా వంతు వచ్చింది.

"పెద్దమ్మా, నువ్వు బీడీలు బంద్ చేసి ఐదేండ్లాయె. బస్సుకు పోవు, పిల్లల ట్రిప్పులు లేవు. నీకు పొద్దుగాల ఏం పని ఉంటది?"

దారి పొడవునా నేను భయపడిన ప్రశ్న ఇదే.

"ఏం పని లేదు" అన్నాను.

"మరి?"

అందరూ నా వైపే చూస్తున్నారు. అబద్ధాలు వెతికాను, పంచరూ కోడీ అప్పుడే అయిపోయాయి.

"పొద్దుగాల నాకు రోగం ఉండది బిడ్డా. ఆరు కొట్టినంకనే అస్తది. మా ఆయన ఇంటికచ్చే యాళ్ల గది. ఎవ్వలు రారు. గుండె కొట్టుకుంటది. మీ నాయిన చూసి ఏం కాలే అంటడు. నాలుగేండ్లల ఒక్కసారి సుత ఏం కాలేదు. గంత మంచి మనిషిని నేనే అన్నం తినకుండ చేసిన."

మల్లక్క ముక్కు చీదింది. సాబు కంచం పక్కన పెట్టి, "నువ్వచ్చినప్పుడు నేను తిన్న గదా బూదవ్వా. నీ జొన్నరొట్టెలు ఎవ్వలు తిన్నరు మరి?" అన్నారు.

సంగీత కాయితం మీద చాలాసేపు రాసింది. తర్వాత చదివి వినిపించింది. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తాను ముందు దవాఖానలో కూర్చుంటుంది. పనులకు పోయేవాళ్లకు మొదటి నంబర్లు. పొద్దున సాబు ఎప్పటిలాగే చూస్తారు. ఒంటిగంట తర్వాత సాబు ఎవరినీ చూడరు, ఇది తప్పితే వెంటనే జగిత్యాల.

"మరి ఇల్లు?" అన్నాను.

"ఇల్లు గీడనే ఉంటది. నాన్న సుత గీడనే ఉంటడు." చేతిలోని తాడును ఉండగా చుట్టి పక్కన పడేసింది. "నువ్వు మాత్రం పొద్దుగాల రావాలె పెద్దమ్మా. సాయంత్రం కుర్చీలు పన్నెండే."

"అట్లనే బిడ్డా" అన్నాను. సాబు పోవడం లేదు. దానికి నేను ఇచ్చుకోగలిగింది నా సాయంత్రం ఆరు గంటల వేళే.

మరుసటి రోజు పెరటి దర్వాజకు అడ్డంగా పెద్ద బీరువా జరిపారు. సోమవారం పొద్దున తొమ్మిదికి మొదటి నంబరు తీసుకుని సాబు ముందు కూర్చున్నాను. బీపీ పద్ధతిగా ఉంది. గుండె పద్ధతిగా ఉంది. "వానలు లేటయితున్నయ్ సాబు" అని చెప్పి వచ్చేశాను. నా వెనక రెండో నంబరాయన నన్ను కోపంగా చూశాడు.

అదే సాయంత్రం ఆరు అవుతుండగా గుండె మొదలుపెట్టింది. ఎక్కడికీ పోలేక అరుగు మీద కూర్చున్నాను. దవాఖానకు పోయే దారి మా ఇంటి ముందునుంచే.

మల్లక్క వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని. "వదినె, దవాఖానకు పోయస్త" అని ఊరంతా వినేటట్టు అరిచింది. ఇన్నేళ్లు దొంగచాటుగా పోయిన కసి అంతా ఆ అరుపులో ఉంది. జలపతి ఆటో ఆపి, "ముందటి దర్వాజకే పెద్దమ్మా, ముందటి దర్వాజకే" అని చెప్పి పోయాడు. అనూష బస్సు దిగి అటే నడిచింది, ఈసారి వెనక్కి చూడలేదు.

ఏడు దాటాక ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. సంగీత చీటీలో ఏం రాసిందో చదవమని మల్లక్క నా పక్కన చతికిలబడింది. ఆమెది చదివేసరికి జలపతి వచ్చాడు, అద్దాలు మళ్లీ ఆటోలోనే ఉన్నాయట. రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, తీపి బంద్ చేయాలి అని చదువుతూ కూర్చున్నాను. ఎనిమిదికి సంగీత బస్టాండుకు పోతూ మా అరుగు ముందు ఆగింది. "ఎల్లుండి అస్త పెద్దమ్మా" అంది. నేను లోపలికి పోలేదు. మలుపు తిరిగేదాకా చూశాను.

బుధవారం ఆరు అయింది. సంగీత రాలేదు. బస్సు చెడిపోయి ఉంటుందని ఒకసారి, మనసు మార్చుకుందని ఒకసారి, కాయితం మీద అన్ని లేదులు చూసిన మనిషి మళ్లీ నమ్ముతుందా అని ఒకసారి పైకే అనుకున్నాను. "జర సప్పుడు చేయకుండ కూసో" అని పక్కన కూర్చున్న మల్లక్క రెండుసార్లు కసిరింది.

ఆరూ పది నిమిషాలకు సంగీత భుజాన బ్యాగుతో దాదాపు పరుగెత్తుతూ వచ్చింది.

"బస్సు లేటయింది. ఏం పెద్దమ్మా, మంచిగున్నవా?" అంది, ఆగకుండానే.

"గిప్పుడే మంచిగైన" అన్నాను. "నడువు నడువు, ఆడ పన్నెండు కుర్చీలు నిండినయ్."